నాన్నగారికి దుబాసీ

బాబూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీ నాన్నగారికి 79 ఏళ్లు. ఆత్మకూరు దగ్గర పల్లెలో వ్యవసాయం. నలభై ఏళ్లు చుట్ట కాల్చారు, పదేళ్లుగా సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం వచ్చే జబ్బు, ఉంది, మూత్రపిండాలు కూడా అంతంతమాత్రం. న్యుమోనియా వస్తే నెల్లూరు నుంచి అంబులెన్సులో చెన్నై తెచ్చారు. ఇవాళ్టికి వెంటిలేటర్ మీద తొమ్మిదో రోజు. యంత్రం సాయం తగ్గించి చూడడం రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ ఆయన అలసిపోయారు. డయాలసిస్ మూడుసార్లు అయింది. ఇప్పుడు గొంతుకు రంధ్రం చేసి ట్యూబు వేస్తామని, అంటే ట్రేకియాస్టమీకి, సంతకం అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య ‘ఖర్చు చూడకు, అన్నీ చేయించు’ అంటున్నారు. చెల్లెలు ‘ఇంటికి తీసుకెళ్దాం’ అంటోంది. అమ్మకు ‘కాస్త ఆయాసం, తగ్గుతోంది’ అని చెప్పి ఊళ్లోనే ఉంచారు. ఐదు లక్షల ఇన్సూరెన్స్ ఆరో రోజుకే అయిపోయింది. మీరు చివర అడిగినది: ‘వద్దంటే నాన్నను నేను చంపినట్టేనా?’

ఆ ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీ చెవికెక్కదు. కాదు. ఆయన ఊపిరితిత్తులను చుట్ట కొంచెం కొంచెంగా తింటూ వచ్చింది, మిగిలినదాన్ని న్యుమోనియా పట్టుకుంది. ఆ కాగితం మీద మీ సంతకం ఉన్నా లేకున్నా జరిగినది అదే.

నాది వెంకటగిరి. చెన్నై ఐసీయూల్లో 31 ఏళ్లు నర్సుగా పనిచేసి ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. డాక్టర్‌ను కాను, మీ నాన్నగారి కేస్ షీటు చూడలేదు. కాబట్టి సంతకం పెట్టండి అనీ అనను, పెట్టవద్దనీ అనను. అక్కడిదాకా ఎలా వెళ్లాలో మాత్రం చెప్పగలను.

చెన్నై చరిత్ర కాస్త తెలిసినవారికి దుబాసీ అనే మాట తెలిసే ఉంటుంది. ఈస్టిండియా కుంపిణీ కాలంలో తెల్ల వర్తకులకూ ఇక్కడి జనానికీ మధ్య నిలబడి మాట చేరవేసినవాళ్లు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఐసీయూ తలుపు దగ్గర ఇప్పుడు మీకు పడిన పని అదే. డాక్టర్ మిమ్మల్ని కౌన్సెలింగ్ గదిలోకి పిలిచి అడిగేది ‘మీ నాన్నను ఉంచమంటారా, వదిలేయమంటారా’ అన్నట్టు మీకు వినిపిస్తోంది. నిజానికి మాట్లాడలేని మనిషి మాటను మీ నోట చెప్పమంటున్నారు. దుబాసీ తన సొంత అభిప్రాయం కలపకూడదు, అవతలి మనిషి ఏమనేవాడో అదే చెప్పాలి. అన్నయ్య కోపం, చెల్లెలి ఏడుపు, ఊళ్లో బంధువుల వ్యాఖ్యానం అన్నీ ఆ తరవాతే.

ఇది పోలికకు చెప్పిన మాట అనుకోకండి. అక్షరాలా దుబాసీ పని కూడా ఉంది, మొదట అది చేయండి. చెన్నై ఐసీయూల్లో డ్యూటీ చేసే పిల్లలు ఎక్కువగా తమిళం, మలయాళం మాట్లాడతారు, ఈమధ్య ఈశాన్య రాష్ట్రాల నుంచి కూడా వస్తున్నారు. మంచి పిల్లలు, వాళ్లను తప్పుపట్టను. కానీ ఉదయం మత్తుమందు తగ్గించి తెలివి, అంటే స్పృహ, చూసేటప్పుడు ‘కణ్ణ తిరంగ, కైయ తూక్కుంగ’ (కళ్లు తెరవండి, చెయ్యి ఎత్తండి) అంటారు. చెవులు సరిగా వినపడని ఆత్మకూరు రైతు ఆ మాటకు కళ్లు తెరవకపోతే, చెప్పినది చేయడం లేదని చార్టులో పడుతుంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మెదడు స్కాను దాకా వెళ్లిన సందర్భాలు నేను చూశాను.

ఒకసారి గూడూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నోట్లో ట్యూబుతో ఏదో చెప్పాలని ప్రయత్నిస్తూ, చేత్తో దాన్ని పీకబోయేవారు. చేతులు మంచానికి కట్టారు. నేను సెలవు నుంచి తిరిగొచ్చి పలక చేతికిస్తే వణుకుతూ ఒకే మాట రాశారు: ‘దురద’. ట్యూబును బుగ్గకు అంటించిన టేపు కింద చర్మం కందిపోయి పొంగి ఉంది. టేపు మార్చాం, కట్లు విప్పాం, ఆ తరవాత ఆయన ట్యూబు జోలికి పోలేదు. తమిళంలో దురదను అరిప్పు అంటారు. ఆయన అంతకుముందే రాసి ఉన్నా చదవగలిగినవాళ్లు ఆ వారం డ్యూటీలో లేరు.

అందుకని ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో నొప్పి, దాహం, దురద, ఆయాసం, చలి, భయం అని తెలుగులో రాసి, పక్కన తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అర్థం రాసి మంచం దగ్గర తగిలించమనండి. మత్తు ఏ వేళకు తగ్గిస్తారో నర్సు ఇన్‌చార్జిని అడిగి, ఆ పది నిమిషాలు లోపలికి రానివ్వమనండి. బతిమాలండి, చాలామంది ఒప్పుకుంటారు. మీరే ఆయన చెవి దగ్గర మీ ఇంటి తెలుగులో ‘నాన్నా, నా చెయ్యి నొక్కు’ అనండి. ఆ తరవాత ‘వదులు’ అనండి. నొక్కడం తెలియకుండా కూడా జరుగుతుంది, వదలమన్నప్పుడు వదిలితేనే మాట అందినట్టు. మీరు చూసినది డాక్టర్‌కు చెప్పండి. తెలివి నిలకడగా ఉందని వాళ్లకు కూడా నమ్మకం కుదిరితే, ఆ సంతకం సంగతి అడగవలసినది మిమ్మల్ని కాదు, ఆయననే. తలాడించి చెప్పగల మనిషిని పక్కనపెట్టి బయట కొడుకులు తగువులాడుకోవడం నేను చూడని విషయం కాదు.

ఇక అంకెలు. రోజూ ఒక కొత్త అంకె చెప్పి మిమ్మల్ని భయపెట్టారనో, ఆశపెట్టారనో రాశారు. క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, తగ్గింది అన్నారని సంతోషించారు. డయాలసిస్ చేశాక క్రియాటినిన్ తగ్గక ఏమవుతుంది? అది యంత్రం కడిగిన లెక్క, కిడ్నీ కోలుకున్న లెక్క కాదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ ఒకే వేళకు నాలుగే నాలుగు అడిగి రాయండి. వెంటిలేటర్‌లో ఆక్సిజన్ ఎంత శాతం? మనం పీల్చే గాలిలో 21 ఉంటుంది; 40కి దిగితే నిదానంగా యంత్రం మాన్పించే మాట ఎత్తవచ్చు, 60 దాటి అక్కడే ఉంటే ఊపిరితిత్తులు ఇంకా కష్టంలో ఉన్నట్టు. బీపీ నిలబెట్టే మందు, నోర్‌ఎడ్రినలిన్, నిన్నటికంటే పెరిగిందా, తగ్గిందా? డయాలసిస్‌తో సంబంధం లేకుండా ఆయనంతట ఆయనకు రోజుకు మూత్రం ఎంత వస్తోంది? అరవై కిలోల మనిషికి గంటకు ముప్పై మిల్లీలీటర్లు, అంటే రోజుకు ఏడు వందలు, కనీసంగా చూస్తాం. నాలుగోది తెలివి. ఏ ఒక్క రోజు అంకెనూ పట్టుకుని వేలాడవద్దు. మూడు రోజులవి పక్కపక్కన పెట్టి, దారి ఎటు పోతోందో చూడండి. డాక్టర్ దగ్గరకు ఆ పుస్తకంతో వెళ్తే మాట తీరే మారుతుంది.

ట్రేకియాస్టమీ గురించి మీ చెల్లెలు ‘గొంతు కోస్తారట’ అందని రాశారు. పాపం, వినడానికి అలాగే ఉంటుంది. అది చిన్న ఆపరేషన్, తరచుగా మంచం దగ్గరే చేస్తారు. నోటి ట్యూబును వారాల తరబడి ఉంచితే స్వరతంతువులు, శ్వాసనాళం దెబ్బతింటాయి, దాన్ని ఓర్చుకోవడానికి మత్తు కూడా ఎక్కువ ఇవ్వాలి. అందుకే ఒకటి రెండు వారాలు దాటేటట్టుంటే ఈ మాట ఎత్తుతారు. చేశాక నోరు ఖాళీ అవుతుంది, మత్తు తగ్గించవచ్చు, కఫం తీయడం సులువు, యంత్రం నుంచి మెల్లగా తప్పించడానికి వీలు. వయసులో ఉన్న మనిషికి, ఒక్క జబ్బు మాత్రమే ఉండి అది నయమవుతున్నప్పుడు ఇది వంతెన లాంటిది. నేను ఆ వంతెన దాటి నడిచి వెళ్లినవాళ్లను ఎంతోమందిని చూశాను.

మీ నాన్నగారి విషయంలో అడగవలసినది ఆ వంతెనకు అవతలి గట్టు ఉందా అని. ‘బతుకుతారా’ అని అడగవద్దు, ఆ ప్రశ్నకు ఏ డాక్టరైనా ‘చెప్పలేం, ప్రయత్నిస్తున్నాం’ అనే అంటారు. ఇలా అడగండి: ‘అన్నీ అనుకున్నట్టే జరిగితే మూడు నెలలకు మా నాన్న ఎలా ఉంటారు? మంచం దిగుతారా? నోటితో తింటారా? డయాలసిస్ వారానికి ఎన్నిసార్లు? రాత్రి యంత్రం లేకుండా నిద్రపోతారా?’ అప్పుడు వాళ్ల ముఖం చూడండి. నిజాయితీ ఉన్నవాళ్లు కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

ఇంకొక మాట కూడా అనండి: ‘గడువు పెట్టుకుని ప్రయత్నిద్దామా?’ సంతకం అంటే అన్నిటికీ ఒప్పుకోవడం, లేదా అన్నీ మానేయడం అని మీరు ముగ్గురూ అనుకుంటున్నారు. మధ్యలో దారి ఉంది. ఐదు రోజులో వారమో గడువు పెట్టుకుని, ఈలోగా ఆక్సిజన్ ఇంతకు దిగాలి, బీపీ మందు ఆగిపోవాలి, తెలివి ఇంత రావాలి అని డాక్టర్‌తో ముందే మాట్లాడుకుని కేస్ షీటులో రాయించండి. రాకపోతే కొత్తగా ఏమీ మొదలుపెట్టకుండా, బాధ లేకుండా చూడడం వైపు మళ్లాలని కూడా అప్పుడే రాయించండి. డయాలసిస్‌కు కూడా ఇలాగే గడువు పెట్టవచ్చు. గుండె ఆగితే ఛాతీ నొక్కాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. అది అర్ధరాత్రి ఫోనులో తేల్చే విషయం కాదు, పగలే తేల్చుకోండి. 79 ఏళ్ల ఎముకల మీద ఛాతీ నొక్కడం ఎలా ఉంటుందో నా చేతులకు తెలుసు.

ఇంత చెప్తున్నాను కదా, మా నాన్న దగ్గర నేనేమీ చేయలేదు. 2011లో. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి అరవై ఏళ్లు చీరలు నేసిన మనిషి. ఐసీయూలో 23 రోజులు. ప్రతి కాగితం మీదా నేనే సంతకం పెట్టాను, చదవకుండా కూడా పెట్టాను, ఎందుకంటే నాకు అన్నీ తెలుసు కదా. ఆయన క్రియాటినిన్ నాకు కంఠోపాఠం. దుప్పటి అంచు పట్టుకుని ఆయన వేళ్లు ఊరికే కదిలేవి, పోగులు సరిచేస్తున్నట్టు. డ్యూటీలో ఉన్న అమ్మాయి దాన్ని మతి తప్పిన లక్షణంగా రాసింది. వైద్యం ప్రకారం అది సరైనదే, నేనైనా అలాగే రాసేదాన్ని. చివరికి పెదనాన్న కొడుకు ఒకడు చెప్పాడు, మూడేళ్ల కిందట ఊళ్లో ఎవరినో ఇలాగే ఉంచితే చూసి వచ్చి ‘నన్ను మాత్రం ఆ గొట్టాల్లో పెట్టనీయకండిరా’ అన్నాడట నాన్న. ఇరవై రెండో రోజు చెప్పాడు. నేను ఎవరినీ అడగలేదు కాబట్టి అంతవరకూ చెప్పలేదు.

కాబట్టి అడగండి. మొదట అమ్మను. ఆవిడకు అబద్ధం చెప్పి ఊళ్లో ఉంచడం మీ ప్రేమ అని నాకు తెలుసు, కానీ ఆ పెద్దాయన మాట అందరికంటే బాగా తెలిసిన మనిషిని తలుపు బయటే నిలబెట్టారు. రేపు పొద్దున్నే ఎవరినైనా తోడిచ్చి రప్పించండి. ‘నాన్న ఏమంటారు’ అని ఒక్కసారిగా అడిగితే ఆవిడ ఏడుస్తారు. బంధువుల్లో ఎవరైనా మంచాన పడ్డప్పుడు ఆయన చూసి వచ్చి ఏమన్నారో, దేన్ని చూసి అసహ్యించుకున్నారో, ఏది లేకపోతే ఆయనకు పూట గడవదో అడగండి. పొలం గట్టు దాకా నడవలేని రోజు గురించి ప్రతి రైతూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి అనే ఉంటాడు.

అన్నయ్య సంగతి. దూరాన ఉన్నవాళ్ల గొంతే పెద్దగా ఉంటుంది, ఎందుకంటే చేతులతో చేయగలిగినది వాళ్లకు ఏమీ లేదు. ఆయనతో వాదించకండి. డాక్టర్ మాటను మీరు మోసి, మీరే తిట్లు తినకండి. డాక్టర్‌తో మాట్లాడే వేళకు వీడియోలో ఆయననూ కూర్చోబెట్టండి, ప్రశ్నలు ఆయననే అడగనివ్వండి. నాన్న చెవి దగ్గర ఫోను పెట్టి మాట్లాడనివ్వండి. కర్మకాండకు కొనే టికెట్ ఇప్పుడే కొనుక్కోమని చెప్పండి. కటువుగా ఉంటుంది, నా మాటగా చెప్పండి.

చట్టం గురించి భయపడుతున్నారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని తీర్పు ఇచ్చింది. అప్పట్లో పెట్టిన షరతులు మోయలేనివి, 2023 జనవరి 24న వాటిని సడలించింది. రోగి ముందుగా ఏమీ రాసిపెట్టకపోయినా దారి ఉంది: చూస్తున్న డాక్టర్, కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు ఆసుపత్రిలో ఒక బోర్డుగా కూర్చుని, కోలుకునే ఆశ లేదని తేల్చి, కుటుంబం ఒప్పుకోవాలి. జిల్లా వైద్యాధికారి సూచించిన వైద్యుడు ఉండే రెండో బోర్డు దాన్ని పరిశీలించాలి. అమలు చేసేముందు మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ప్రాణం తీసే ఇంజెక్షన్ మాత్రం నేరమే, దానికీ దీనికీ సంబంధం లేదు. ‘చట్టం ఒప్పుకోదు, కావాలంటే సంతకం పెట్టి తీసుకెళ్లండి’ అని ఎవరైనా అంటే, ఇక్కడ మెడికల్ బోర్డు ఉందా అని మర్యాదగా అడగండి.

డబ్బు దగ్గర సిగ్గుపడుతూ రాశారు. సిగ్గు దేనికి? తండ్రి ఐసీయూలో ఉండగా పిల్లల ఫీజు గుర్తొచ్చినవాడు చెడ్డ కొడుకు కాదు. రోజువారీ బిల్లు, ఇవాళ్టి వరకు మొత్తం, రాబోయే వారానికి అంచనా కాగితం మీద అడగండి. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి ఐదు లక్షల వరకు ఇచ్చే ఆయుష్మాన్ వయవందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. దానికి ఆధార్ చాలు. అది చెల్లేది జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే, కాబట్టి ముందుగా ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. సెంట్రల్ స్టేషన్ ఎదుటి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలోనూ ఐసీయూలు ఉన్నాయి. మార్చదలిస్తే అక్కడ వెంటిలేటర్ మంచం ఖాయమయ్యాకే ఇక్కడ కదిలించండి, అదీ బీపీ మందు తక్కువలో ఉన్నప్పుడే. అప్పు తెచ్చేముందు మాత్రం మూడు నెలల ప్రశ్నకు వచ్చిన జవాబును ఒకసారి గుర్తు చేసుకోండి.

ఒకవేళ బాధ తగ్గించడం వైపే మళ్లితే, ‘ఏమీ చేయరు’ అని అనుకోకండి. ఆయాసానికి మార్ఫిన్ చాలా మంచి మందు; తగిన మోతాదులో ఇస్తే అది ఊపిరి ఆపదు, ఊపిరాడని భయాన్ని తగ్గిస్తుంది. కఫం తీస్తారు, నోరు తడుపుతారు. తులసి తీర్థం పోస్తామని మనవాళ్లు చెంచాతో గొంతులో పోస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషిని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. దూది తడిపి పెదవులకు అద్దండి, పుణ్యం ఏమీ తగ్గదు. మీ చెల్లెలు అన్నట్టు ఇంటికే తీసుకెళ్లాలనుకుంటే, వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని సంతకం పెట్టి రాత్రికి రాత్రి బయలుదేరవద్దు. మందులు, ఆక్సిజన్, ఊళ్లో చూసే డాక్టర్ పేరుతో సహా పద్ధతిగా డిశ్చార్జ్ ఇవ్వమని అడగండి. నెల్లూరే 170 కిలోమీటర్ల పైన, ఆ తరవాత మీ ఊరు. దారిలోనే ప్రాణం పోవచ్చని అమ్మకూ చెల్లెలికీ ముందే చెప్పి ఉంచండి.

కాగితాల గురించి ఒక్కటి, దీన్ని మన తెలుగు కుటుంబాలు తరచూ ఆలస్యంగా తెలుసుకుంటాయి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేస్తారు, 21 రోజుల్లోగా. ఇక్కడి ఆసుపత్రిలో జరిగితే దహనం మీ ఊళ్లో చేసినా సర్టిఫికెట్ ఇచ్చేది చెన్నై కార్పొరేషన్, మీ పంచాయతీ కాదు. ఇక్కడివాళ్లు ఇంటిపేరు వాడరు, తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టుకుంటారు. అందువల్ల చేర్చుకునేటప్పుడు మన ఇంటిపేరు మింగేసి ఏదో ఒక అక్షరం తగిలిస్తారు. రేపు పట్టాదారు పాసుపుస్తకం దగ్గర, బ్యాంకు దగ్గర అదే తలనొప్పి. ఆధార్‌లో ఉన్నట్టు పేరు ఉందా లేదా ఇవాళే చూసి సరిచేయించండి. ఆయన కోలుకున్నా ఇన్సూరెన్స్‌కు అదే కావాలి.

మీరు ఒకచోట రాశారు, చేర్చుకున్న రోజు ఆయన కళ్లద్దాలు, వినికిడి యంత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి మీ చేతికిచ్చారని, అది ఇప్పటికీ మీ బ్యాగులోనే ఉందని. తొమ్మిది రోజులుగా ఆయనకు ఎవరి ముఖమూ సరిగా కనపడలేదు, ఎవరి మాటా వినపడలేదు. ఈ సాయంత్రమే ఇవ్వండి. వినికిడి యంత్రానికి కొత్త బ్యాటరీ వేయండి. పాతది ఇన్ని రోజుల్లో అయిపోయే ఉంటుంది. సైజు దాని అట్ట మీదే రాసి ఉంటుంది.